ప్లగ్గమ్మ జర్మన్

ఆఫీసులో ఆమెను ప్లగ్గమ్మ అనేవారు. ముఖం మీద అనేవారు కాదు, అలాగని మరీ చాటుగా అనేవారూ కాదు. బట్టలుతికే మెషీన్లు చేసే కంపెనీలో ఫోన్లు ఎత్తే గది అది. ఎక్కడో దూరదేశంలో ఎవరింట్లోనో మెషీన్ మొరాయిస్తుంది. వాళ్ళు చిరాకుపడి నంబరు నొక్కుతారు. ఆ చిరాకు సముద్రాలు దాటుకుని వచ్చి, అట్టగోడల మధ్య గుడ్డ చిరిగిన కుర్చీలో కూర్చున్న ఈమె చెవిలో పడుతుంది. అవతలివాళ్ళు ఎంత గొంతు చించుకుంటున్నా ఈమె జర్మన్‌లో ముందు అడిగేది ఒక్కటే: "దయచేసి ఒక్కసారి ప్లగ్గు సరిగ్గా పెట్టి ఉందేమో చూస్తారా?"

ఆ పేరు పెట్టింది స్పానిష్ బల్ల దగ్గర కూర్చునే మీసాలాయన. "యముడొచ్చి పిలిచినా మా ప్లగ్గమ్మ ముందు ప్లగ్గు చూసుకుని రమ్మంటుంది" అని టీ మెషీన్ దగ్గర అనేవాడు. ఆమె కూడా నవ్వేది. నవ్వక చేసేదేముంది, ఉన్నమాటే కదా.

ఆమె జర్మన్ మంచి జర్మన్. మీరు మా ఊరివారేనా అని అవతలివాళ్ళే అడిగేవారు. కాకపోతే అది గడప దాటనివ్వకుండా పెంచిన పిల్లలాంటి భాష. పైపు, నురగ, జాలీ, తలుపు గొళ్ళెం, కుదుపు, కమురువాసన... ఇవన్నీ ఆమెకు కొట్టినపిండి. నీళ్ళు కారడాన్ని ఎన్ని రకాలుగా చెప్పవచ్చో అన్ని రకాలుగా చెప్పగలదు. సంతోషంగా ఉన్న మనుషులు ఆ భాషలో ఏం మాట్లాడుకుంటారో మాత్రం తెలియదు. మెషీన్ చక్కగా తిరుగుతోందని చెప్పడానికి ఎవరూ ఫోన్ చెయ్యరు.

ఆ భాష ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. అక్క పుస్తకాలతో పాటు వచ్చిపడింది.

వాళ్ళ హైస్కూల్లో ఒక పద్ధతి ఉండేది. ఎనిమిదో తరగతికి వచ్చిన పిల్లలు ఒక పరాయి భాష ఎంచుకోవాలి. రాతకోతలేమీ లేవు. మేడ మీద పక్కపక్కనే రెండు గదులు, ఒకటి ఫ్రెంచికి, ఒకటి జర్మన్‌కి. బడి తెరిచిన మొదటి సోమవారం పిల్లలు మెట్లెక్కి ఏ గదిలో కూర్చుంటే ఆ భాష వాళ్ళదవుతుంది. గంట కొట్టగానే తలుపులు మూసేస్తారు. ఇక బడి వదిలేదాకా అదే. ఊళ్ళో జనం కూడా "మీవాడు ఏం చదువుతున్నాడు?" అని అడిగేవారు కాదు, "ఎందులో కూర్చున్నాడు?" అనేవారు. మనసు మారితే ఒక దారి ఉంది. ఆ మొదటివారంలో అమ్మో నాన్నో స్వయంగా వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, పిల్లను పిలిచి లేపి పక్కగదిలోకి తీసుకువెళ్ళాలి. అంతమందిలో అలా లేపడమంటే అన్నం ముందునుంచి లేపినట్టే. అందుకని ఆ దారిన ఎవరూ పోయేవారు కాదు.

అదంతా పెద్దపిల్లల సంగతి. ఆ బడిలో పుస్తకాలు ఏళ్ళ తరబడి మారేవి కావు కాబట్టి, ఇంట్లో రెండోవాళ్ళకు ఎంచుకోవడమనే మాటే ఉండేది కాదు. అన్న చదివి పడేసిన భాషలోనే తమ్ముడు, అక్క చదివి పడేసిన భాషలోనే చెల్లెలు. పెద్దవాళ్ళు కూర్చునేవారు, చిన్నవాళ్ళు కూలబడేవారు.

ఈమె అక్క జర్మన్ గదిలో ఎందుకు కూర్చుందంటే, ఆరోజు ఫ్రెంచి గదిలో ఫ్యాను పాడైంది. అంతకుమించి కారణం లేదు. అక్కే ఆ మాట నవ్వుతూ చెప్పేది.

ఈమెకు ఫ్రెంచి కావాలి. ఏడో తరగతిలో ఉన్నప్పుడే మేడ మీదికి చాక్‌పీసులు మొయ్యడానికి వెళ్ళి, ఆ గది తలుపు దగ్గర ఆగిపోయేది. ఫ్రెంచి టీచరమ్మ లావుగా, ఎప్పుడూ చెమటతో ఉండేది. పిల్లల చేత నాటకాలు వేయించేది, తానే దొంగ వేషం వేసి బల్ల కింద దూరేది. లోపలున్నవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వేవారు. పాపం, ఈ పిల్లకు ఫ్రెంచి అంటే ఏమిటో ఏం తెలుసు? ఆ నవ్వునే ఫ్రెంచి అనుకుంది.

బస్సు డిపోలో టైర్లు మార్చే నాన్న, చేతులు తుడుచుకుంటూ ఆ సంగతి తేల్చేశాడు. "అక్క పుస్తకాలున్నాయి కదరా బంగారం. కొత్తవాటిలా ఉన్నాయి. అది తెరిచింది గనకనా?" అని పగలబడి నవ్వాడు. కొట్టి చెప్పి ఉంటే ఎదురు తిరిగేదేమో. నవ్వుతూ, తల నిమురుతూ చెప్పాడు. అలా చెప్పిన మాటకు ఎదురు ఎలా తిరుగుతారు? సోమవారం తనంతట తానే వెళ్ళి జర్మన్ గదిలో కూర్చుంది.

రెండు గదులకూ మధ్య ఉన్నది చెక్కగోడ. బడి ముగిసేదాకా ఆమె ఆ గోడ పక్కనే కూర్చుని అవతలి నవ్వులు విన్నది. ఇవతల జర్మన్ మాస్టారు సుద్దముక్క చప్పుడు తప్ప మరో చప్పుడు సహించడు. నవ్వులు వినబడకుండా ఉండటానికి పుస్తకంలో తల దూర్చడం ఒక్కటే ఆమెకు తెలిసిన ఉపాయం. అలా దూర్చి దూర్చి క్లాసులో మొదటిదయింది. మనసు పడి చదివినవాళ్ళకు కూడా అన్ని మార్కులు రాలేదు.

ఆ మార్కులు చూసే కంపెనీవాళ్ళు ఉద్యోగం ఇచ్చారు. అక్కకు మాత్రం జర్మన్‌లో ఒక్క ముక్క మిగల్లేదు. కుర్చీలు, మంచాలు అమ్మే దుకాణం ఉన్నవాడిని చేసుకుని, గల్లాపెట్టె దగ్గర కూర్చుని సుఖంగా లావెక్కింది. ఎప్పుడు వచ్చినా ఆ మాట అనకుండా వెళ్ళదు: "ఏమే, నా పుస్తకాలే నీకింత కూడు పెట్టాయి. గుర్తుంచుకో."

"నీ పుస్తకాలు కాదక్కా, నువ్వు తెరవని పుస్తకాలు" అనేది ఈమె.

"ఏదో ఒకటి. పెట్టాయా, లేదా?"

పెట్టాయి. అదే ఆమె మంట. తిట్టుకోవడానికి కూడా వీల్లేని అన్నం.

*

ఆమె మొగుడు కిటికీలకు అద్దాలు బిగించేవాడు. నెమ్మదైన మనిషి. అద్దం పట్టుకునేవాళ్ళకు నెమ్మది తప్పదు. వాళ్ళకు ఒక్కతే కూతురు. తండ్రి గువ్వ అని పిలిచేవాడు, చివరికి అదే పేరయింది. పిల్ల కూడా తండ్రిలాగే. మాట్లాడేముందు మాట పగులుతుందేమో చూసుకుని మాట్లాడేది.

తల్లి సంగతి వేరు. పొద్దస్తమానం పరాయివాళ్ళ చేత మాటలు పడి, ఒక్కటీ తిరిగి అనకుండా దిగమింగిన మనిషి. ఇంటి గుమ్మంలో అడుగు పెట్టగానే మింగినవన్నీ బయటికి వచ్చేవి. "ఈ గిన్నె ఇక్కడ పెట్టొద్దని చెప్పానా లేదా?" "ఎన్నిసార్లు చెప్పాలే నీకు, చెవుల్లో ఏం పెట్టుకున్నావు?" "ఏడుపు ఆపు, ఆపుతావా, ఇంకో రెండు అంటించమంటావా?" చెడ్డది కాదు. పిల్లకు జ్వరం వస్తే పక్కమీద నుంచి కదలదు. కానీ ఆ తడిగుడ్డ వేసేటప్పుడు కూడా "వర్షంలో తిరగొద్దంటే విన్నావా?" అంటూనే వేస్తుంది.

"గింజలన్నీ ఆఫీసులో పోసి వస్తుందమ్మా మీ అమ్మ. మనకి మిగిలేది పొట్టే" అని తండ్రి కూతురి చెవిలో అనేవాడు. ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు.

గువ్వ ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు బళ్ళో నీళ్ళగొట్టం పగిలి గదులన్నీ మడుగులయ్యాయి. పిల్లల్ని గేటు దగ్గరినుంచే వెనక్కి పంపేశారు. తండ్రి ఏదో ఎత్తయిన భవనం మీద వేలాడుతున్నాడు. చేసేది లేక తల్లి కూతుర్ని ఆఫీసుకు తీసుకువెళ్ళింది.

"నోరు మెదపకూడదు, కాళ్ళు ఆడించకూడదు" అంది సూపర్‌వైజరు.

"ఇక్కడ లేనట్టే ఉంటుంది మేడమ్, ఈ పాప నోట్లోంచి మాట రాదు" అన్నాడు మీసాలాయన, తన పక్క కుర్చీ లాగి పిల్లకు వేస్తూ. "ఏమ్మా, ప్లగ్గు సరిగ్గా ఉందా?"

పిల్ల కూర్చుంది. తల్లి హెడ్‌ఫోన్ పెట్టుకుంది. కాసేపటికి ఒక ఫోన్ వచ్చింది. అవతల ఎవరో ఏడుస్తున్నారని పిల్లకు అర్థమైంది. హెడ్‌ఫోన్ లోంచి సన్నగా, దోమ పాడినట్టు వినిపిస్తోంది. తల్లి మాట్లాడటం మొదలుపెట్టింది.

పిల్లకు ఒక్క మాట తెలియదు. కానీ అలాంటి గొంతు తన తల్లిలో ఉందని పుట్టాక మొదటిసారి విన్నది. ఎక్కడా తొందర లేదు, విసుగు లేదు. మాట పూర్తయ్యాక ఆగి, అవతలివాళ్ళు ముక్కు చీదుకునేదాకా చూసి, మళ్ళీ మొదలుపెడుతోంది. మాట్లాడుతున్నంతసేపూ ఆమె కుడిచెయ్యి బల్ల మీద మెల్లగా కదులుతోంది, పడుకున్న పిల్లి వీపు నిమిరినట్టు. పిల్ల ఆ చేతినే చూస్తూ కూర్చుంది. మధ్యలో ఒకసారి తల్లి నవ్వింది కూడా, అవతలివాళ్ళకు కనబడదని తెలిసీ.

సాయంత్రం బస్సులో పిల్ల అడిగింది. "ఎవరమ్మా ఆవిడ?"

"ఎవరు?"

"ఏడ్చినావిడ."

"ఎవరో ముసలావిడ. మెషీన్ తలుపు బిగుసుకుపోయిందట. ఉన్న ఒక్క కోటూ లోపలుందట, బయటికి వెళ్ళాలట."

"నువ్వేమన్నావు?"

"ఏముంది, ప్లగ్గు తీసి కాసేపు ఆగమన్నాను."

"అంతసేపు అదేనా?"

"కంగారుపడకండి, తలుపు తెరుచుకునేదాకా ఫోన్ పెట్టెయ్యను, మీరు వెళ్ళాల్సిన చోటుకి వెళ్తారు అన్నాను. ఏం, ఇప్పుడు నీకెందుకవన్నీ? సంచి సరిగ్గా పట్టుకో. జారిపోతోంది చూడు, కళ్ళు ఎక్కడున్నాయి?"

పిల్ల సంచి సరిగ్గా పట్టుకుంది.

*

మరుసటి ఏడు బడి తెరిచేముందు పెద్దమ్మ వచ్చింది. ఆమె కొడుకు, అక్కచెల్లెళ్ళు చదివిన ఆ బళ్ళోనే, గువ్వకంటే పై తరగతిలో ఉన్నాడు. వాడు ఫ్రెంచిలో కూర్చున్నాడు. పెద్దవాడు కాబట్టి వాడికి ఎంచుకునే యోగం ఉంది.

"గువ్వ ఈ ఏడు మేడెక్కాలిగా? అటక మీద నా జర్మన్ పుస్తకాలు ఉన్నాయి కదే, దులిపి ఇచ్చెయ్. ఇప్పటికీ అదే పుస్తకమట, మావాడు చెప్పాడు. ఇంట్లో చెప్పడానికి నువ్వూ ఉన్నావు. అంతా కలిసొచ్చింది."

ప్లగ్గమ్మ చేతిలో గ్లాసు ఠంగున బల్ల మీద పెట్టింది. "నా కూతురు ఆ పుస్తకాలు ముట్టుకోదు."

"అమ్మో! ఏం, అంటుకుంటాయా?"

"అంటుకున్నాయిగా నాకు! చాలదా? దానికి ఏది ఇష్టమైతే అందులో కూర్చుంటుంది. నీ ఫ్యాను చల్లగా తిరిగిందని నేను జన్మంతా పైపులు కడుగుతున్నాను. దానికి ఆ ఖర్మ లేదు."

"నేనేమన్నానే ఇప్పుడు!" అని అక్క మరిది కేసి చూసింది. మరిది అద్దం ముక్క వెలుతురుకు పెట్టి గీతలు వెతుక్కుంటున్నాడు. అలాంటప్పుడు ఆయనకు ఎప్పుడూ గీతలే కనబడతాయి.

అక్క వెళ్ళాక ప్లగ్గమ్మ ఆగలేదు. మర్నాడే పుస్తకాలన్నీ దింపి, పాత కాగితాలవాణ్ణి పిలిచింది. వాడు తాడు ముడేస్తుండగా గువ్వ లోపలికి వచ్చి నిలబడిపోయింది.

"అమ్మా, అవి..."

"పీడ వదిలింది. నీ నెత్తిన బరువు లేకుండా చేస్తున్నానే. సోమవారం నీకిష్టమైన గదిలో కూర్చో. ఎవరూ ఏమీ అనరు."

"నాకిష్టమైన గదిలోనా?"

"ఆఁ."

"నిజంగానా?"

"నిజంగానే అంటున్నాగా! రాసివ్వాలా ఏంటి?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, ఇష్టమైన గది అనే మాటకు ఆమె మనసులో ఒకటే అర్థం. నోరు రెండు గదులన్నా, కళ్ళ ముందున్నది ఒకటే. ఆ ఆదివారమే దుకాణానికి వెళ్ళి కొత్త ఫ్రెంచి పుస్తకం కొన్నది. ఎవరి పేరూ రాయని మొదటి పేజీని తిప్పి తిప్పి చూసింది. అట్ట వేసి, చీరల మధ్య దాచింది. తన చిన్నప్పుడు ఎవరైనా తనకోసం అలా దాచి ఉంటే ఎంత బాగుండేదో, ఆ సంతోషమంతా తానే పడింది.

సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే బీరువా తీసి, పుస్తకం తెచ్చి పిల్ల ముందు పెట్టింది. "ఇదిగో! ఎలా ఉంది?"

గువ్వ పుస్తకం కేసి చూసింది. తండ్రి కేసి చూసింది. తండ్రి అన్నం కలుపుకోవడం ఆపాడు.

"నేను జర్మన్‌లో కూర్చున్నానమ్మా."

"పెద్దమ్మ చెప్పిందా?"

"లేదు."

"పుస్తకాలు ఇచ్చేశాను కదే! ఇంట్లో లేవు కదే!"

"నాన్న కొంటానన్నాడు."

ఆమె మొగుడివైపు తిరిగింది. "మీకు తెలుసా?"

"పొద్దున చెప్పింది. ఇష్టమైన గది అన్నావు కదా అని..."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఇంట్లో ఉంటే చెప్పడానికి సందు దొరకాలి కదా" అన్నాడాయన. తిట్టుగా అనలేదు, సమాచారంలా అన్నాడు.

"ఎందుకే? ఏముందే అందులో? నన్ను చూస్తున్నావుగా! పైపులు, నురగ, గబ్బు! ఒక్కరు నవ్వుతూ మాట్లాడరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒళ్ళంతా చెవులు చేసుకుని తిట్లు తింటాను. ఆ భాష కావాలా నీకు?"

పిల్ల బల్ల అంచు గోకింది. "దాంట్లో నువ్వు బాగా మాట్లాడతావు."

"జీతమిస్తారు, మాట్లాడతాను."

"అది కాదమ్మా. దాంట్లో నువ్వు అరవవు."

తల్లి పుస్తకం తన వైపు లాక్కుంది.

"నాక్కూడా వస్తే... నాతో కూడా అందులో మాట్లాడతావేమోనని."

తల్లి ముఖంలో ఏదో కదిలింది. ఆ ఒక్క క్షణం గనక సాగి ఉంటే, ఆమె ఆ పిల్లను దగ్గరికి లాక్కుని ఉండేది. లోపల ఏదో తలుపు తెరుచుకోబోయినట్టే అయింది. కానీ ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా. వెనకనుంచి సిగ్గు తోసుకొచ్చింది, సిగ్గు వెంట కోపం.

"అంటే ఇంట్లో నేను రాక్షసినా?"

"నేనలా అనలేదు."

"ఇంకెలా అనాలి? తండ్రీ కూతుళ్ళు కూర్చుని అనుకున్నారన్నమాట! ఆ గొంతు నాది కాదే పిచ్చిదానా, కంపెనీది! పక్కన సూపర్‌వైజరు వింటూ ఉంటుంది. గొంతు పెరిగితే జీతం తరుగుతుంది. అది చూసి మురిసిపోయావా? అద్దెకు తెచ్చుకున్న గొంతు అది!"

"అయినా సరే" అంది గువ్వ, చాలా చిన్నగా.

ఆ "అయినా సరే" ఆమెకు అన్నిటికంటే లోతుగా దిగింది.

*

మర్నాడు పొద్దున సెలవు పెట్టి బడికి వెళ్ళింది. మొగుడు గుమ్మంలో అడ్డం నిలబడి, "వద్దులే, నాలుగురోజులు ఆగు" అన్నాడు. ఆగితే వారం దాటిపోతుందని ఆమెకు తెలుసు. ఆయనకూ తెలుసు.

చిన్నప్పటి మెట్లే. మేడ మీద రెండు గదులు, మధ్యలో అదే చెక్కగోడ, కొత్తగా రంగు కొట్టారు. జర్మన్ గది తలుపు దగ్గర నిలబడింది. పాత మాస్టారు ఎప్పుడో పోయాడు. ఇప్పుడున్నది ఒక కుర్ర మాస్టారు. ఈమె ఎవరో తెలియగానే ముఖమంతా వెలిగించుకుని గబగబా వచ్చాడు.

"మీరేనా అండీ! నిన్న మీ అమ్మాయి క్లాసులో మీ గురించే చెప్పింది. మా అమ్మ జర్మన్ మాట్లాడితే ఏడ్చేవాళ్ళు ఊరుకుంటారు అంది. మిమ్మల్ని ఒకసారి పిలిచి పిల్లలకు వినిపిద్దామనుకుంటున్నాను." అని, ఆ ఉత్సాహంలో జర్మన్‌లోకి మారి, ఎలా ఉన్నారు, కులాసానా అని అడిగాడు.

ఇన్నేళ్ళలో ఆ భాషలో ఆమెను ఎలా ఉన్నావని అడిగినవాళ్ళు లేరు. నోరు తెరిస్తే వచ్చేవన్నీ అవతలివాళ్ళకు చెప్పే జవాబులే, తన గురించి చెప్పుకునే మాట ఒక్కటీ లేదు. మొదటి బెంచీలోంచి గువ్వ చూస్తోంది. అమ్మ ఇప్పుడు మాట్లాడుతుంది, అందరూ వింటారు అని ఆ ముఖం నిండా రాసి ఉంది.

అత్త మీది కోపం దుత్త మీద చూపించడమంటే అదే. తండ్రి మీద, అక్క మీద, తిరిగిన ఫ్యాను మీద, తిరగని ఫ్యాను మీద ఉన్నదంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది.

"ఏమే, లే. సంచి తీసుకుని రా."

క్లాసంతా తల తిప్పింది. కుర్ర మాస్టారు, "అమ్మా, పాప ఇష్టంగా కూర్చుంది..." అన్నాడు.

"మీకు తెలియదు మాస్టారూ, మీరాగండి. ఏమే, నీకే చెప్పేది!"

గువ్వ పెన్నులు సర్దుకుంది. ఒకటి కింద పడితే వంగి తీసుకుంది. ఎవరి ముఖమూ చూడకుండా బెంచీల మధ్యనుంచి నడిచి వచ్చింది. తల్లి దాని భుజం మీద చెయ్యి వేసి పక్కగదిలోకి నడిపించింది. చెయ్యి గట్టిగా వేసిందా, మెత్తగా వేసిందా అన్నది ఆమెకు తర్వాత ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. ఫ్రెంచి గదిలో ఖాళీ ఉన్నది గోడ పక్కన చివరి బెంచీ. పిల్ల అందులో కూర్చుని, తల్లి సంచిలోంచి తీసిచ్చిన కొత్త పుస్తకం తెరిచింది.

తన కన్నతండ్రి కూడా ఆ గుమ్మందాకా రాలేదు. ఆ సంగతి బస్సు ఎక్కి కూర్చున్నాక గానీ ఆమెకు తట్టలేదు.

*

దొంగ వేషం వేసే లావుపాటి టీచరమ్మ కూడా ఎప్పుడో వెళ్ళిపోయింది. ఇప్పుడున్నావిడ క్రియాపదాలు బోర్డు మీద నింపి, ఎత్తి రాసుకోమని, బల్ల దగ్గర కూర్చుని గోళ్ళు చూసుకుంటుంది. ఆ గది ఊపిరాడనట్టు ఉంటుందని గువ్వ ఎన్నడూ చెప్పలేదు. పెద్దమ్మ కొడుకు చెప్పాడు. నవ్వులు ఇప్పుడు అవతల జర్మన్ గదిలోంచి వస్తున్నాయట. కుర్ర మాస్టారు పిల్లల చేత పాటలు పాడిస్తున్నాడట.

"అలాగా" అంది ప్లగ్గమ్మ. ఇంకేమంటుంది? మింగలేదు, కక్కలేదు.

గువ్వ ఫ్రెంచి చదివింది. మార్కులు కూడా వచ్చాయి. "ఏదీ, ఏమైనా మాట్లాడు, వింటాను" అని తల్లి అడిగితే, లేచి నిలబడి ఒక వాక్యం చెప్పేది, పోలీసుకు అడ్రసు చెప్పినట్టు. ఒక్క తప్పు ఉండేది కాదేమో. ఉన్నా తల్లికి తెలియదు. "బాగుంది" అనేది. పిల్ల కూర్చునేది. అంతటితో ఆ భాష ఆ ఇంట్లో ఆ పూటకు అయిపోయేది. రెండో ఏడు పెద్దమ్మ తన కొడుకు ఫ్రెంచి పుస్తకాలు పంపింది. "డబ్బు దండగ ఎందుకే, వాడు తెరిచింది గనకనా!" అని కబురు కూడా పంపింది. అక్క నోట అచ్చంగా నాన్న మాటే. ప్లగ్గమ్మ ఆ పుస్తకాలు తీసుకుంది.

పిల్ల ఎదురు చెప్పేది కాదు, అలిగేది కాదు. గిన్నె ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేది. తల్లి అరవాల్సిన పని రానురాను తగ్గిపోయింది. ఇల్లు నెమ్మదించిందని చుట్టుపక్కలవాళ్ళు అనుకునేవారు. మొగుడు మాత్రం కూతురి చెవిలో హాస్యాలు చెప్పడం మానేశాడు.

కొన్నాళ్ళకు కంపెనీ ఆఫీసు గది అద్దె దండగని తలచి, ఫోన్లు ఇంటినుంచే తీసుకోమంది. చెవిలో దూరే చిన్న బుడిపె ఒకటి ఇచ్చారు, జుట్టు కింద పెట్టుకుంటే కనబడదు. వంటగది పక్కన చిన్న బల్ల వేసుకుని ఆమె అక్కడే కూర్చునేది. తండ్రీ కూతుళ్ళు మునివేళ్ళ మీద నడవడం నేర్చుకున్నారు. ఆమె నోరు తెరవగానే కుళాయి కట్టేసేవారు, తలుపు దగ్గరకు వేసేవారు. వంటగదిలో ఇప్పుడు రోజూ ఆ గొంతు వినిపించేది, మెల్లగా, ఓపికగా, ఎవరితోనో. గువ్వ ఆగి వినేది కాదు.

ఒక సాయంత్రం పని అయిపోయి, బుడిపె తీసి బల్ల మీద పెట్టి, ఆమె కళ్ళు నలుపుకుంటూ కూర్చుంది. పెరట్లో తండ్రికి అద్దాలు అందిస్తున్న గువ్వ లోపలికి వచ్చింది. వేలు తెగింది. ఇంకో చేత్తో గట్టిగా నొక్కి పట్టుకుంది, సందులోంచి నెత్తురు కారుతోంది. దూది ఎక్కడుందా అని చూస్తోంది, అడగడం లేదు.

"ఎన్నిసార్లు చెప్పానే" అనే మాట ప్లగ్గమ్మ పళ్ళదాకా వచ్చింది. పళ్ళు బిగించి ఆపింది. ఆగడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు. ఊపిరి పీల్చుకుంది. ఏళ్ళ తరబడి ఎవరెవరికో పోసిన గొంతునంతా కూడదీసుకుని, తమ భాషలోనే, మెల్లగా అంది: "భయం లేదు. తొందరేమీ లేదు. ఏదీ, నెమ్మదిగా చూపించు."

గువ్వకు మాటలు చెవికెక్కలేదు, ఆ గొంతు ఒక్కటే వినిపించి ఠక్కున ఆగింది. తల్లి ముఖం చూసింది, జుట్టు కప్పిన చెవి వైపు చూసింది. అయ్యో, చూసుకోలేదు అన్నట్టు నాలుక కరుచుకుని, తెగని చేతి వేలు పెదాల మీద పెట్టుకుంది. తలూపి, మునివేళ్ళ మీద వెనక్కి నడిచి బయటికి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేసింది.

"నిన్నే అంటున్నానే" అంది ప్లగ్గమ్మ.

ఆ మాట తలుపు ఇవతలే ఉండిపోయింది. అవతల తండ్రి ఏదో అడుగుతున్నాడు. "ఏం లేదు నాన్నా, చిన్నదే. మెల్లగా మాట్లాడు, అమ్మ ఫోన్‌లో ఉంది" అంటోంది పిల్ల.